మూసిన చోటే తెరిస్తే

ప్రశ్న అడిగితే చిదంబరయ్యగారు జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. అనకాపల్లిలో ఆయన్ని ఎరిగినవాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. ఉద్యోగమున్నన్నాళ్లూ కాలేజీలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఆదివారం పొద్దుటిపూట ఇంటి వరండాలో వేదాంతం చెప్పడం మొదలుపెట్టిన మనిషి ఆయన. లెక్కలు చెప్పేటప్పుడు బోర్డు మీద మెట్టు మెట్టుగా వేసి చూపించేవారట. వేదాంతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎవరైనా సందేహం అడిగితే లేచి, కాళ్లతో చెప్పులు వెతుక్కుని, "పదండి, అలా వెళ్లొద్దాం," అనేవారు. ఒకసారి మోక్షం గురించి అడిగిన బీమా ఏజెంటుని బెల్లం మార్కెట్టుకి తీసుకెళ్లి, పూటంతా ఎండలో తిప్పి, ఏమీ చెప్పకుండా ఇంటి దగ్గర దింపేశారు. ఆ మార్కెట్టులో తను చూడవలసింది ఏమిటో ఆ ఏజెంటు ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు. అందువల్ల ఆయన శిష్యుల్లో తెలివైనవాళ్లు ప్రశ్నలు తక్కువ అడిగేవాళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అసలు అడిగేవాళ్లే కాదు.

ఫణీంద్ర తెలివైనవాడే గాని ఆ ఆదివారం అతనికి అడగక తప్పలేదు. అతను విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాళ్లకి పెద్ద. ఆ కంపెనీ చేసేది ఒకటే వస్తువు, ప్రయాణంలో ఉన్నవాళ్లకి ఫోనులో దారి చూపించే యాప్. దాని పేరు బాటసారి. ఊళ్లో జనానికి వీధులూ సందులూ విడమరిచి చూపించే ఈ మనిషి, తన భార్య ఇందుమతి ఉంటున్న ఊరికి కొన్నేళ్లుగా వెళ్లలేదు. ఆవిడ అతన్ని వదిలి బొబ్బిలి వెళ్లిపోయింది. అందులో రహస్యమేమీ లేదు, అందరికీ తెలుసు. ఐదో నెలలో ఆవిడకి గర్భం పోయిన రోజున, ఆసుపత్రి నుంచి ఆవిడ ఫోను చేసినప్పుడల్లా ఫణీంద్ర, "ఒక్క పది నిమిషాలు, బయల్దేరుతున్నా," అంటూ దీపాలు పెట్టే వేళ దాటాక వెళ్లాడు. ఆ రోజు బాటసారి కొత్త వెర్షను జనంలోకి వెళ్తోంది మరి. ఆ తరవాత కొన్ని నెలలు ఒకే ఇంట్లో, ఒకరికొకరు కంచాలు అందించుకుంటూ గడిపారు. ఒకరోజు ఆవిడ బొబ్బిలిలో పిన్నిగారింటికని వెళ్లి, తిరిగి రాలేదు. కాస్త కోపం తగ్గాక వెళ్లి తీసుకొద్దాం అనుకున్నాడు ఫణీంద్ర. ఆ తగ్గడమేదో తనకి తెలుస్తుందనుకున్నాడు. తరవాత పనులు వచ్చాయి, తరవాత సిగ్గు వచ్చింది, తరవాత ఏళ్లు వచ్చాయి.

మొన్న మొన్ననే, ధైర్యం కూడగట్టుకుని ఫోను చేశాడు. "ఆదివారం ఇంట్లోనే ఉంటాను, రండి," అంది ఇందుమతి, మామూలుగా. అంత తేలికగా రమ్మంటుందని అతను అనుకోలేదు. ఆవిడ కోసం సముద్రం కనపడే ఇల్లు చూశాడు, ఆఫీసులో ఇంటి నుంచే పని చేసుకుంటానని ఒప్పించుకున్నాడు, మాడుగుల హల్వా కొన్నాడు. ఇక మిగిలింది మొదటి మాట. అదే అతనికి తెగలేదు. వరండాలో గురువుగారి ముందు కూచుని, పక్కవాళ్లు వింటున్నారని కూడా చూడకుండా అడిగేశాడు.

"ఆవిణ్ణి ఇంటికి తీసుకురావడానికి వెళ్తున్నానండీ. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఆసుపత్రి సంగతి నేనే ఎత్తనా, ఆవిడ ఎత్తేదాకా ఆగనా?"

చిదంబరయ్యగారు అతని మొహంలోకి కాసేపు చూశారు. తరవాత గుమ్మం పక్కన చెప్పులు ఎటున్నాయో చూశారు. మిగతా శిష్యులకి ఫణీంద్ర మీద జాలి వేసింది. "బొబ్బిలిలో నాకూ చిన్న పని ఉందిలే, నీ కారులో వస్తాను," అన్నారాయన. ఆయనకి బొబ్బిలిలో పనేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. ఆయనకీ తెలిసి ఉండదు.

దారిలో ఫణీంద్ర తను చెప్పదలుచుకున్నదంతా గురువుగారికి అప్పజెప్పాడు. ఇందు ముందు మాట్లాడదు. తరవాత ఏడుస్తుంది. ఏడిస్తే ఏడవనివ్వాలి, మధ్యలో అడ్డు చెప్పకూడదు. ఆ రోజు నువ్వెందుకు రాలేదని అడుగుతుంది. అప్పుడు సాకులు చెప్పకుండా, తప్పు నాదే అనాలి. ఆవిడ ఏ మాట అంటుందో, దానికి తను ఏ మాట అనాలో, అన్నీ వరసగా సిద్ధం చేసుకున్నాడు. పరీక్షకి వెళ్లే పిల్లవాడు కూడా అంత శ్రద్ధగా చదవడు. చిదంబరయ్యగారు ఊఁ కొడుతూ కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూచున్నారు.

విజయనగరంలో కాఫీకి ఆగినప్పుడు, ఫోను వేడెక్కిందని ఫణీంద్ర బాటసారిని మూసేశాడు. అక్కణ్ణించి గజపతినగరం మీదుగా రోడ్డు తిన్నగానే పోతుంది, దారి అడగవలసిన పని లేదు. రామభద్రపురం దగ్గర పడ్డాక, అక్కడ రోడ్డు చీలుతుందని తెలుసు గనక, మళ్లీ తెరిచి పక్కన పెట్టాడు. ఫోనులో ఆడగొంతు కమ్మగా, "ముందు ఎడమ వైపు తిరగండి," అంది. తను చేసిన యాప్, తను ఎంచిన గొంతు. ఫణీంద్ర తెర వైపు చూడను కూడా చూడకుండా చీలిక దగ్గర ఎడమకి తిప్పాడు. చాలా దూరం వెళ్లాక చిదంబరయ్యగారు ముందుకి వంగి అద్దంలోంచి చూస్తూ, "నాయనా, బొబ్బిలికి కొండలు ఇంత దగ్గరగా ఉంటాయా?" అని అడిగారు. ఎదురుగా సాలూరు కొండలు నీలంగా నిలబడి ఉన్నాయి. అప్పుడు ఫణీంద్ర తెర చూశాడు. వాళ్లున్న చోటు చూపించే నీలి చుక్క ఇంకా విజయనగరంలో, కాఫీ తాగిన చోటే ఉంది. అతను చూస్తూండగానే అది ఒక్క గెంతు గెంతి సాలూరు రోడ్డు మీదికి వచ్చి పడింది.

రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర కారు ఆపాడు. బడ్డీ నడిపే ఆవిడ వీళ్లని చూసి, అడక్కుండానే, "బొబ్బిలెల్లాలా బాబూ? ఎనక్కి తిరిగెల్లిపోవాల. రామభద్రపురంకాడ కుడిపక్క రోడ్డు," అంది. ఆవిడ తీరు చూస్తే ఇలా దారి తప్పి వచ్చినవాళ్లు వీళ్లు మొదటివాళ్లు కారని తెలుస్తోంది. ఫణీంద్రకి చెవులు కాలాయి. ఎందుకంటే ఇదే సంగతి జనం చాలాకాలంగా రాస్తున్నారు. యాప్ తెరవగానే ఎక్కడో పాత చోటు చూపిస్తోందని, అక్కణ్ణించి దారి చెబుతోందని. ఫణీంద్ర తన కింద పనిచేసేవాళ్ల చేత ఎన్నోసార్లు తెరిపించి చూశాడు. ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు. మా దగ్గర బాగానే ఉంది, మీ ఫోను సరిచూసుకోండి అని జనానికి మర్యాదగా సమాధానాలు రాయించాడు. అందులో కొన్ని తనే రాశాడు.

"ఒక్క పది నిమిషాలు గురువుగారూ. ఇప్పుడు చూడకపోతే మళ్లీ చిక్కదు," అంటూ వెనక సీటులోంచి లాప్‌టాప్ తీశాడు.

ఇక్కడ నాకు ఆ మనిషి మీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. పనిలో పడి పోగొట్టుకున్న భార్యని బతిమాలి తెచ్చుకోవడానికి బయల్దేరినవాడు, మధ్యదారిలో బడ్డీ బల్ల మీద కూచుని పని మొదలుపెట్టాడు. అది మొండితనం కాదు. తప్పు కళ్లబడితే అతని చేతులు ఊరుకోవు, అంతే. చిదంబరయ్యగారు వద్దనలేదు. రెండు టీలు చెప్పి, ఒకటి అతని పక్కన పెట్టి, రెండోది తను తాగుతూ కూచున్నారు.

తప్పు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. అది రాసింది ఫణీంద్రే. యాప్ తెరిచినప్పుడు, మనం ఎక్కడున్నామో ఉపగ్రహాల నుంచి కబురు అందడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ చుక్క లేని తెర చూస్తే జనానికి ఓపిక ఉండదు, ఇది పనిచేయడం లేదని తీసి పారేస్తారు. అందుకని కిందటిసారి మూసినప్పుడు మనిషి ఎక్కడున్నాడో ఆ చోటు గుర్తు పెట్టుకుని, తెరవగానే అక్కడ చుక్క పెట్టేలా రాశాడు. అంతవరకు పరవాలేదు. కాని చుక్క పెట్టాక, అది తనకి గుర్తున్న చోటే గాని కంటితో చూసిన చోటు కాదన్న సంగతి యాప్ మరిచిపోతోంది. అక్కణ్ణించే దారి లెక్క కట్టేస్తోంది. ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఆ తరవాత ఉపగ్రహాల నుంచి అసలు కబురు అందినా, తను నమ్మిన చోటికి ఇది మరీ దూరంగా ఉంది గనక, ఇదేదో పొరపాటు కబురై ఉంటుందని పక్కన పెట్టేస్తోంది. అలాంటి కబుర్లు వరసగా చాలా వస్తే తప్ప అది కదలదు.

అంతలో ఇందుమతి ఫోను చేసింది. "ఎక్కడిదాకా వచ్చారు?"

"దగ్గరికొచ్చేశాం ఇందూ. యాప్‌లో ఒక తప్పు దొరికింది, ఒక్క పది నిమిషాలు..." అనేసి, ఫణీంద్ర నాలిక కరుచుకున్నాడు. ఆ మాట ఎవరితో అనకూడదో వాళ్లతోనే అన్నాడు. అవతలి వైపు ఇందుమతి నవ్వింది. ఎత్తిపొడుపు నవ్వు కాదు, నిజంగానే నవ్వు వచ్చి నవ్వింది. "సరే, నిదానంగానే రండి. తొందరేం లేదు," అని పెట్టేసింది.

ఫణీంద్రకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "నవ్విందండీ," అన్నాడు గురువుగారితో, మొహం వెలిగిపోతూ. "ఇదివరకైతే ఈ మాటకి నాలుగు రోజులు మాట్లాడేది కాదు. మంచి శకునమే." చిదంబరయ్యగారు టీ గ్లాసులోకి చూస్తూ కూచున్నారు. ఆయన మొహంలో సంతోషం లేదు. ఫణీంద్ర అది గమనించే స్థితిలో లేడు.

"ఇంతమంది చెబుతూంటే, మీ ఆఫీసులో ఇది ఎందుకు కనపడలేదు?" అని అడిగారాయన. ఫణీంద్ర నవ్వాడు. చిక్కుముడి విప్పినవాడి నవ్వు అది.

"అదే గమ్మత్తండీ. మేం కుర్చీలో కూచుని మూస్తాం, అదే కుర్చీలో కూచుని తెరుస్తాం. పాత చోటూ ఇప్పటి చోటూ ఒకటే. యాప్ జ్ఞాపకం నుంచి చెప్పినా, చూసి చెప్పినా, మా దగ్గర తేడా ఏముంటుంది? ఎంతకాలం చూసినా మాకు సరిగ్గానే ఉంటుంది."

"కదలనివాడికి ఈ తప్పు ఎప్పటికీ కనపడదన్నమాట."

"కనపడదండీ," అన్నాడు ఫణీంద్ర, గురువుగారికి ప్రోగ్రాముల సంగతి ఇంత బాగా అర్థమైనందుకు ముచ్చటపడుతూ. వెంటనే పనిలోకి దిగాడు. ప్రోగ్రాములో, తెరవగానే పాత చోట చుక్క పెట్టే వరసలు తీసేశాడు. దూరంగా ఉన్న కబురుని అబద్ధమని తోసేసే వరసలూ తీసేశాడు. వాటి బదులు, అసలు కబురు అందేదాకా తెర మీద చుక్కే ఉండకుండా, ఒక్క వాక్యం కనపడేలా రాశాడు. 'మీరెక్కడున్నారో ఇంకా తెలియదు. కాస్త ఆగండి.' దారి చూపించే యాప్ తనకి తెలియదని చెప్పుకోవడం అతనికి మొదట నామోషీగా అనిపించింది. రెండుసార్లు చదువుకున్నాక, ఇదే బాగుంది, నిజాయితీగా ఉంది అనుకున్నాడు. ఆఫీసులో ఒకతనికి ఫోను చేసి, దీన్ని కుర్చీలో కూచుని కాకుండా బస్సెక్కి తెరిచి చూడమని చెప్పి, లాప్‌టాప్ మూశాడు. పది నిమిషాలన్నది గంట దాటిపోయింది. మనసు మాత్రం తేలికపడింది. కారు వెనక్కి తిప్పాడు.

బొబ్బిలిలో ఇందుమతి తను ఉంటున్న ఇంటి కింది భాగంలో ఫిజియోథెరపీ క్లినిక్కు నడుపుతోంది. ఆవిడ పెళ్లికి ముందు చదివింది అదే. పెళ్లయ్యాక పక్కన పెట్టేసిన చదువు అది. వీళ్లు వెళ్లేసరికి పక్షవాతం వచ్చి తేరుకుంటున్న ఒక పెద్దమనిషి గోడకి బిగించిన కమ్మీ పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. ఆదివారం సెలవైనా, ఆయన ఒక్కడూ రోజు తప్పకుండా నడవాలని రప్పించుకుందట. "కూర్చోండి, ఈయన ఆ చివరి దాకా వెళ్లొచ్చాక వస్తాను," అని వీళ్లతో చెప్పి, మళ్లీ ఆయన పక్కనే నడిచింది. ఫణీంద్ర ఆవిణ్ణి చూస్తూ నిలబడ్డాడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గొంతు పెరిగింది. "మడమ ఆనించండి మాస్టారూ, నన్ను చూడకండి, ఎదర చూడండి," అంటూ గట్టిగా, నవ్వుతూ చెబుతోంది. తన ఇంట్లో ఆవిడ ఇంత గట్టిగా మాట్లాడిన గుర్తు అతనికి లేదు. చిదంబరయ్యగారు ఆ పెద్దమనిషి పక్కన స్టూలు వేసుకుని, మీదేవూరు అంటూ కబుర్లలో పడ్డారు. ఫణీంద్ర, ఇందుమతి మేడ మీదికి వెళ్లారు.

"భోజనం వేళ దాటిపోయింది, నేను తినేశాను. మీ ఇద్దరికీ ఉంచాను," అంది. అతను వచ్చేదాకా తినకుండా కూచునే మనిషి. కాలేజీ రోజుల నుంచీ అతన్ని 'నువ్వు' అనే మనిషి. ఫోనులో 'మీరు' అన్నప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారేమో అనుకున్నాడు, ఇప్పుడు పక్కన ఎవరూ లేరు. ఫణీంద్ర తనకి తనే సర్దిచెప్పుకున్నాడు, ఇన్నాళ్లయింది గదా, బెరుకుగా ఉండదూ అని. హల్వా పొట్లం చేతికిస్తే ఆవిడ అక్కడే విప్పి, ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుంది. "ఇక్కడ ఇది దొరకదు," అంది. ఆ ఒక్కటీ మారలేదు. అది చూసి అతనికి ఎక్కడ లేని ధైర్యమూ వచ్చింది, మొదలుపెట్టాడు.

దారంతా సిద్ధం చేసుకున్నది ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు. ఆ రోజు తను రావలసింది. ఆ వెర్షను ఒకరోజు ఆగినా ఏమీ మునిగిపోయేది కాదు. మంచం మీద ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉండడం ఇప్పటికీ కలలోకి వస్తుంది. తప్పు తనదే, పూర్తిగా తనదే. అంతా చెప్పి, ఆవిడ ఏడుస్తుందని ఎదురుచూశాడు. ఇందుమతి ఏడవలేదు. లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి, అతని ఎదురుగా కూచుంది.

"మీరు ఇంత బాధపడుతున్నారని నాకు తెలియదు. తెలిస్తే నేనే ఫోను చేసి చెప్పేదాన్ని. నాకు మీ మీద ఏమీ లేదండీ."

"ఏమీ లేకపోవడమేమిటి ఇందూ? నన్ను తిట్టు. ఎంత తిట్టినా పడతాను."

"తిడదామనే ఉండేది," అంది ఇందుమతి. "మొదట్లో, ఇక్కడికొచ్చిన కొత్తలో. ఎన్ని మాటలు పోగేసి పెట్టుకున్నానో. వీధి తలుపు చప్పుడైతే మీరేననుకుని, ముందు ఏ మాట అనాలా అని చూసుకునేదాన్ని. మా పిన్ని నవ్వేది, వాడొస్తే నువ్వు వీధిలోనే కడిగేస్తావే అని. మీరు రాలేదు. రోజూ కాస్త కాస్త మరిచిపోయాను. ఇప్పుడు వెతికినా ఒక్క మాట గుర్తు రావడం లేదు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం ఉందేమోనని ఫణీంద్ర ఆశగా వెతికాడు. లేదు. కింద మాస్టారితో మాట్లాడిన గొంతుకీ దీనికీ తేడా ఏమైనా ఉంటే, ఇది ఇంకాస్త మెత్తగా ఉంది. సముద్రం కనపడే ఇంటి గురించి చెప్పాడు. బాగుంటుంది, అద్దె ఎక్కువేమో చూసుకోండి అంది. ఇంటి నుంచే పని చేసుకుంటానన్నాడు. మీ నడుము నొప్పికి కుర్చీ మంచిది కొనుక్కోండి అని, ఎలాంటిది కొనాలో కూడా చెప్పింది. చివరికి అతను చేతులు ముడుచుకుని, ఇంటికి రమ్మని అడిగాడు. ఇందుమతి హల్వా పొట్లాన్ని నెమ్మదిగా మడిచి కట్టింది. అతన్ని నొప్పించకుండా చెప్పే దారి వెతుకుతోందని అతనికి అర్థమయ్యేసరికే జవాబు తెలిసిపోయింది. "రాను," అంది. "మీరు చెడ్డవారని కాదు. నాకు మళ్లీ మొదలుపెట్టాలని లేదు. నేనిక్కడ బాగున్నాను." తరవాత లేచి, వడ్డిస్తానని వంటింట్లోకి వెళ్లింది. వడ్డించింది. ఇద్దరు మగవాళ్లూ తిన్నారు. కూర బాగుందని చిదంబరయ్యగారు మారు అడిగి వేయించుకున్నారు. ఫణీంద్ర నోటికి రుచి తెలియలేదు. వెళ్లేటప్పుడు ఆవిడ వీధి దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్లమని చెప్పి, వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. ఆవిడ లోపలికి వెళ్లిపోయి ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది.

తిరుగు దారి పట్టారు. పొద్దు వాలి, పశువులు రోడ్డుకి అడ్డంగా ఇళ్లకి మళ్లుతున్నాయి. ఒకచోట మంద దాటేదాకా కారు ఆపవలసి వచ్చింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఫణీంద్ర మంద వైపు చూస్తూ కూచున్నాడు. అతని కళ్లు నిండుతున్నాయి. గురువుగారి ముందు ఏడవకూడదని ఆపుకున్నాడు, తరవాత ఆపుకోలేదు. పొద్దున తను అడిగిన ప్రశ్నకి ఈయన జవాబు చెప్పనే లేదని గుర్తొచ్చి, ఒక్క క్షణం ఆయన మీద కోపం కూడా వచ్చింది. చెప్పి ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. కాని ఏం చెప్పి ఉంటే ఏం మారేదో ఎంత వెతికినా అతనికే తట్టలేదు.

"ఒక్క మాట అనలేదండీ," అన్నాడు చివరికి. "నా మీద కోపం కూడా లేదు. అది తగ్గాక వెళ్దామనే కదండీ నేను ఇన్నాళ్లూ ఆగాను."

మంద దాటిపోయింది. వెనక బస్సువాడు హారను కొడుతున్నాడు. చిదంబరయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"కోపం ఉన్నన్నాళ్లూ ఆ అమ్మాయి నీకు గుర్తున్న చోటే ఉంది కదా, నాయనా," అన్నారు.